కాలు తగిలినందుకు

పోయిన వారం బంగారమ్మ ఆకుపచ్చ జెర్సీ విప్పి, మడతపెట్టి బెంచీ మీద ఉంచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడం చూశాం. ఆ రోజు జరిగింది మరోసారి చెప్పుకుందాం, కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఉంటారు కదా. రాయపూర్ వ్యాగన్ వర్క్‌షాపు కాలనీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు, భిలాయి నుంచి వచ్చిన క్లబ్బు మీద ఒక్క పాయింటు ముందుంది. ఆట అయిపోవస్తోంది. బంతి మన బంగారమ్మ చేతిలో ఉంది. ఎదురుగా అడ్డు వచ్చిన సురేఖ అనే పిల్ల జారి కిందపడింది. బంగారమ్మ కాలు ఆ పిల్ల భుజానికి తగిలింది. అంతే, బంగారమ్మ ఆగిపోయి, వంగి, ఆ భుజాన్ని తాకి చెయ్యి కళ్ళకద్దుకుంది. వదిలేసిన బంతి దొర్లుకుంటూ అవతలి జట్టు చేతికి పోయింది. కప్పు కూడా దాని వెంటే పోయింది.

ఆట నేర్పుతున్న నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు పెంచని జపాన్ కోచ్ ఓనుమా సార్ ఆ రోజు అందరి ముందూ అరిచాడు. "రేపట్నించి నువ్వు కోర్టుకి రావద్దు!" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఈ సంగతి ఓనుమాకి ఆ రాత్రే తెలిసింది, అన్నం సయించలేదు. అయినా బెట్టు ఒకటుంటుంది కదా మనిషికి. రేపు వస్తుందిలే, ఎల్లుండి వస్తుందిలే అని చూశాడు. బంగారమ్మ రాలేదు. ఆదివారం మళ్ళీ అదే భిలాయి జట్టుతో ఆట. ఈసారి గెలిచినవాళ్ళు భోపాల్ వెళ్తారు. గురువారం సాయంత్రం ఇంక ఉండబట్టలేక, సైకిలు గోడకి ఆనించి, బంగారమ్మ వాళ్ళ క్వార్టర్ వైపు నడక మొదలుపెట్టాడు.

ఆయన దేశంలో కోచ్ శిష్యుల ఇంటికి వెళ్ళడు. శిష్యులే వచ్చి గుమ్మం బయట నిలబడతారు. జపాన్ ఉత్తరాన, శీతాకాలమంతా మంచు కురిసే ఒక రేవు ఊళ్ళో పుట్టాడు ఓనుమా. స్కూలు జట్టులో ఆడుతుంటే ఒక బట్టల మిల్లు కంపెనీ పిలిచి తన జట్టులో చేర్చుకుంది. అక్కడ ఆటే ఉద్యోగం. జీతం ఆటకే, పడుకోవడానికి గది ఆటకే. పేరొచ్చింది, పేపర్లో ఫోటోలు వచ్చాయి. ఒకనాడు ఎగిరి దిగేటప్పుడు మోకాలు విరిగింది. గది ఖాళీ చెయ్యమన్నారు. దయ దలచి సామాన్ల గోదాములో కూర్చోబెట్టారు. ఆ కంపెనీ యంత్రాలు కొన్ని రాయపూర్ పక్కనే ఉర్లాలో ఒక ఫ్యాక్టరీకి వస్తే, వాటిని బిగించేవాళ్ళతో పాటు లెక్క చూసుకోవడానికి ఈయన్ని పంపారు. సాయంత్రాలు కాలనీ మీదుగా వస్తూ, మట్టి కోర్టులో ఆడపిల్లలు బంతి కోసం జుట్లు పట్టుకోవడం చూశాడు. మర్నాడు ఆగాడు. మూడోనాడు సైకిలు దిగాడు. యంత్రాలు బిగించినవాళ్ళు వెళ్ళిపోయినా ఈయన వెళ్ళలేదు.

తెలుగు ఆ పిల్లల దగ్గరే నేర్చుకున్నాడు. వాళ్ళ తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పట్టాలు వేస్తూ వచ్చినవాళ్ళు. అందుకని ఆరడుగుల జపాన్ మనిషి ఆశ్చర్యం వేస్తే "ఓలమ్మో!" అంటాడు. మగవాళ్ళు అలా అనరని ఎవరూ ఆయనకి చెప్పలేదు, ఆ వినోదం పోగొట్టుకోవడం కాలనీలో ఎవరికీ ఇష్టం లేదు.

డిసెంబరు చలి దిగుతోంది. వాకిళ్ళలో బొగ్గుల సిగిడీలు రాజుకుంటున్నాయి. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, "క్యా సార్, ఆదివారం గెలుస్తామేటి?" అని పలకరిస్తున్నారు. ఓనుమా తల ఊపుతున్నాడు తప్ప నోరు విప్పడం లేదు. ఏం చెప్పాలో నాలుగు మాటలు కూర్చుకుంటూ నడుస్తున్నాడు, అడుగడుక్కీ వాటిలో ఒకటి మర్చిపోతున్నాడు.

గుమ్మంలో బంగారమ్మ మామ్మ అప్పలనరసమ్మ కత్తిపీట ముందేసుకుని ఆనపకాయ తరుగుతోంది. తల్లి లేని పిల్లని ఆవిడే పెంచింది. ఆవిడ కొడుకు, బంగారమ్మ తండ్రి దానయ్య వర్క్‌షాపులో ఫిట్టరు, సాయంత్రం షిఫ్టుకి వెళ్ళాడు. ఓనుమా బూట్లు విప్పి పక్కన పెట్టి నడుం దాకా వంగాడు. ఆవిడ కత్తిపీట మీంచి కదలలేదు.

"బంగారమ్మ ఉందా మామ్మా?"

"ఉంది. పెరట్లో బట్టలు తీస్తంది. పిలవను."

"ఎందుకు?"

"నువ్వు రావొద్దన్నావు గదా బాబూ. అది రావడం మానేసింది. సెప్పిన మాట ఇనే గుంట. ఇంకేటి కావాలి నీకు?"

ఓనుమా కూర్చుకొచ్చిన నాలుగు మాటలూ గాలిలో కలిసిపోయాయి. మోకాలు మడవలేడు కాబట్టి నేల మీద కూర్చోలేడు. ఆ సంగతి అప్పలనరసమ్మకి తెలుసు. కోపం కోపమే, మర్యాద మర్యాదే. ముక్కాలిపీట ఆయన వైపు తోసి మళ్ళీ ఆనపకాయ అందుకుంది.

"ఒక్క మాట సెప్పు. నా గుంట దొంగతనం సేసిందా? ఎవలికైనా ఎదురు సెప్పిందా? మనిసికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంది. అంతమంది ముందర దానికి అంత మాట అనడానికి అదేటి పాపం సేసింది?"

"పాపం కాదు మామ్మా. మంచి పనే. కానీ ఆట..."

"ఆటైతే? ఆటలో మనిసి మనిసి కాదేటి? రాయా?"

ఓనుమా చేతులు చాచి గాలిలో బంతి పట్టుకున్నట్టు పట్టాడు. మాటలు తక్కువైనప్పుడు ఆయనకి చేతులే దిక్కు.

"చూడండి. బంతి వచ్చింది. బుర్ర ఆలోచిస్తే ఆలస్యం. అవతల పిల్ల లాక్కుంటాది. అందుకని బుర్ర కాదు, ఒళ్ళే ఆలోచించాలి. చెయ్యి దానంతట అది వెళ్ళాలి, కాలు దానంతట అది తిరగాలి. నేను పిల్లలకి నాలుగేళ్ళు అదొక్కటే నేర్పాను. రోజూ, మళ్ళీ మళ్ళీ. మా దేశంలో నాకూ అలాగే నేర్పారు. నేను నిద్రలో కూడా బంతి పట్టుకుంటాను."

అప్పలనరసమ్మ తరగడం ఆపింది. ఆనపకాయ ముక్కలు గిన్నెలోకి తోసింది.

"మరి దాని ఒళ్ళు ఆలోసించబట్టే గదా బాబూ వంగింది?" అంది నెమ్మదిగా.

ఓనుమా తలెత్తాడు.

"అది పాకుతున్నప్పుడు దాని కాలు అన్నం కంచానికి తగిలీది. నానే దాని సెయ్యి పట్టుకొని కంచానికి తాకించి, కళ్ళకద్దించీదాన్ని. సీపురుకి తగిలితే అద్దించేను. దాని తాత పడుకున్నప్పుడు మంచం కాడ తగిలితే అద్దించేను. రోజుకి ఎన్నిసార్లో ఎవలు సూసేరు! అలగ కొన్నాళ్ళకి నా సెయ్యి అక్కర్లేకపోయింది. దాని సెయ్యే పోయీది. ఇప్పుడు నిద్దట్లో నా మీద కాలేసినా, కళ్ళు మూసుకొనే అద్దుకుంటాది. నువ్వు నేర్పింది మంచిదే, కాదనను. కానీ నాను దానికి నడక రాక ముందే మొదలెట్టేను. నీ పాటం కన్నా నా పాటం ముందు అందుకుంది దాని ఒళ్ళు. దానికి దాన్నెందుకు తిట్టేవు? నన్ను తిట్టు."

ఓనుమా గాలిలో బంతి పట్టుకున్న చేతులు దించాడు. కోర్టులో తను నాలుగేళ్ళుగా చెమటోడ్చి సాధించాలనుకున్నది, ఈ ముసలావిడ వంటింట్లో ఎప్పుడో సాధించి కూర్చుంది. బంగారమ్మ ఆ రోజు పాఠం మర్చిపోలేదు. రెండు పాఠాలూ ఒకేసారి ఒంట్లోంచి లేచాయి, వాటిలో పెద్దది గెలిచింది. తను ఆ పిల్ల మీద అరిచింది, పాఠం మర్చిపోయినవాళ్ళ మీద అరిచే అరుపు. ఆ సంగతి అర్థమయ్యేసరికి ఆయనకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఓలమ్మో," అన్నాడు. "మామ్మా, ఈ కాలనీకి నాకంటే ముందు కోచ్ మీరే."

"నవ్వించకు. కోపంగున్నాను," అంది అప్పలనరసమ్మ. అప్పటికే సగం నవ్వేసింది.

ఓనుమా పీట మీంచి లేచి, చేతులు ఒంటికి ఆనించుకుని, మళ్ళీ వంగాడు. ఈసారి చాలాసేపు లేవలేదు. వాళ్ళ దేశంలో క్షమించమని అడిగే పద్ధతి అది. అప్పలనరసమ్మ గాభరాగా కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"లెగు బాబూ లెగు! పెద్దమనిసివి, అలగ వంగుతారేటి? సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

"తప్పు మాట అన్నాను. ముందు మీకు చెప్పాలి, తరవాత బంగారమ్మకి. కానీ మామ్మా, ఒకటుంది." ఆయన లేచి నిలబడ్డాడు. క్షమాపణ అడిగినా కోచ్ కోచే. "ఆట మధ్యలో ఆగకూడదు. పడిపోయిన పిల్ల కూడా ఆడడానికే వచ్చింది. జాలితో బంతి ఇస్తే ఆ పిల్లకి సంతోషం కాదు. ఈల మోగే దాకా ఆట. ఈల మోగాక ఎంతమందికి కావాలంటే అంతమందికి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు దండం పెట్టుకోవచ్చు. మేము కూడా అప్పుడే వంగుతాం."

అప్పలనరసమ్మ ఆలోచించింది. అడిగిన వెంటనే ఒప్పుకునే మనిషి కాదు.

"తాళి కట్టీటప్పుడు పందిట్లో ఎవల కాలు ఎవలికి తగిల్నాదో ఎవలూ సూడరు. తలంబ్రాలు అయ్యేక సద్దుకుంటాం. అలగన్నమాట."

"అలగే," అన్నాడు ఓనుమా, ఆయన తాళి కట్టిన వాడూ కాదు, తలంబ్రాల సంగతి తెలిసిన వాడూ కాదు.

"అలగైతే పరవాలేదు. ఓలే బంగారీ! సార్ వచ్చేరు, ఇలగ రా!"

బంగారమ్మ భుజం మీద ఆరిన బట్టలతో వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, గుమ్మంలోకి వచ్చేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు. సార్‌ని చూసి బట్టలు రొమ్ముకి హత్తుకుని నిలబడింది. ఓనుమా ఆ పిల్లకి కూడా వంగాడు. తను అన్న మాట తప్పని, ఆ రోజు ఆ పిల్ల చేసింది తప్పు కాదని, ఆదివారం జట్టు ఆమె కోసం చూస్తోందని, తడబడుతూనే అంతా చెప్పాడు.

బంగారమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ్మ వైపు చూసింది. మామ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. నువ్వే చెప్పు అన్నట్టు తల ఊపింది.

"నిన్న భిలాయి వాళ్ళు వచ్చేరు సార్," అంది బంగారమ్మ చివరికి. "సురేఖ, వాళ్ళ కోచ్ మేడమ్. మిఠాయి తెచ్చేరు. మీరు నన్ను రావద్దన్నారని తెలిసి వచ్చేరు. వాళ్ళ జట్టుకి ఆడితే వాళ్ళ ఫ్యాక్టరీలో నౌకరీ ఇస్తారంట. క్వార్టర్ కూడా. ఆదివారం వాళ్ళ పెద్ద సాబ్ చూడ్డానికి వస్తారంట, ఆయన ముందర ఆడితే భర్తీ పక్కా అన్నారు. శనివారం లోపల పేరు ఇవ్వాలి."

"నాన్న?"

"నాన్న సరే అన్నాడు. మార్చి ఆఖరుకి నాన్నకి రిటైర్మెంటు. ఈ క్వార్టర్ వదిలీయాలి. తర్వాత మామ్మని ఎక్కడికి తీసుకెళ్తాం సార్? ఊళ్ళో మాకేమీ లేదు." బంగారమ్మ బట్టల్లో మొహం తుడుచుకుంది. "అంటే ఆదివారం నేను అటువైపు ఆడాలి. మన కెప్టెన్ మీద, రమణక్క మీద. మీ మీద. నాకు నిద్ర పట్టడం లేదు సార్. మీరు వద్దంటే వెళ్ళను. మీ నోటితో చెప్పండి."

అబద్ధం ఎందుకు, ముందు ఓనుమాకి ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని గీత మీద నిలబడడం నేర్పింది తను. మిఠాయి పొట్లంతో వచ్చి పట్టుకుపోయేది వాళ్ళా? వద్దు అంటే చాలు. ఈ పిల్ల ఆగిపోతుంది. ఆదివారం గెలుస్తారు. భోపాల్ వెళ్తారు. ఒక్క మాట, అది కూడా తెలుగులో ఆయనకి బాగా వచ్చిన మాటే.

కానీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. తన ఊళ్ళో తనకి బంతి పట్టడం నేర్పిన మేష్టారు గుర్తొచ్చాడు. కంపెనీ జట్టుకి వెళ్తున్నానని చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆయన తలుపు తియ్యలేదు. మంచులో చాలాసేపు నిలబడి వచ్చేశాడు. తరవాత ప్రతి కొత్త సంవత్సరానికీ పళ్ళ బుట్ట పంపాడు. జవాబు రాలేదు. పేపర్లో ఫోటోలు పడ్డ రోజుల్లో కూడా ఆ మూసిన తలుపే కళ్ళ ముందుండేది. మేష్టారు పోయిన కబురు ఎవరో ఉత్తరం రాస్తే తెలిసింది. ఆ రేవు ఊరికి ఓనుమా మళ్ళీ వెళ్ళలేదు. ఎవరి చేతులు తనకి ఎగరడం నేర్పాయో ఆ చేతులు తనని సాగనంపలేదన్న బాధ ఇంత వయసొచ్చినా తీరలేదు. గది ఖాళీ చెయ్యమన్నప్పుడు ఎలా ఉంటుందో కూడా ఆయనకి తెలుసు.

"బంతి ఉందా ఇంట్లో?" అన్నాడు.

"ఉంది సార్. మంచం కింద."

"తే."

పెరడు అంటే నాలుగు క్వార్టర్ల వెనక గట్టిగా తొక్కుడుపడ్డ నేల. అప్పలనరసమ్మ దండెం విప్పి చోటు చేసింది. ఓనుమా పాంటు అంచులు మడిచి బంగారమ్మకి ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వు ఎప్పుడూ కుడివైపే తిరుగుతావు. నాలుగేళ్ళుగా చెప్తున్నాను, ఎడమ తిరగవు. రమణమ్మకి అది తెలుసు. ఆదివారం నీ కుడివైపు మూసేస్తాది. అప్పుడేం చేస్తావు?"

బంగారమ్మ నమ్మలేనట్టు చూసింది. "సార్, అంటే నేను..."

"వెళ్ళు. మంచి నౌకరీ. మామ్మకి ఇల్లు కావాలి. కానీ నా శిష్యురాలు అక్కడ చెత్తగా ఆడితే నాకు సిగ్గు. ఎడమ భుజం దించు. రా!"

బంగారమ్మ వచ్చింది. మొదటిసారి కుడివైపే తిరిగి ఆయన చేతికి చిక్కింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ చిక్కింది. ఓనుమా కుంటుతూనే అడ్డుపడుతున్నాడు, తిడుతున్నాడు, నవ్వుతున్నాడు. ఆ తరవాత ఎడమ భుజం దించి తిరగబోయినప్పుడు ఆ పిల్ల కాలు ఆయన విరిగిన మోకాలికి తగిలింది. బంగారమ్మ చెయ్యి దానంతట అదే కిందికి సగం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. పెదవి కొరుక్కుని, బంతి వదలకుండా, ఎడమవైపు నుంచి ఆయన్ని దాటి వెళ్ళిపోయింది. గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఓనుమా నొప్పికి కళ్ళు మూసుకుని, నోటితో ఈల వేశాడు. అప్పుడు పరుగున వచ్చి వంగి, ఆ మోకాలిని తాకి, రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. అద్దుకున్న చేతులు వెంటనే తియ్యలేదు, ఏడుస్తోంది కాబట్టి.

"బాగుంది," అన్నాడు ఓనుమా. కుంటుతూ మళ్ళీ అడ్డంగా నిలబడ్డాడు. "ఇంకోసారి. రమణమ్మ నాకన్నా జోరు. ఆమె కుడివైపు మూసింది అనుకో..."

వెనక కంచె తలుపు కిర్రుమంది. ముందుగా చూసిన అప్పలనరసమ్మ చేతిలో దండెం తాడు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఓనుమా తిరిగి చూశాడు.

జట్టు పిల్లలంతా అక్కడున్నారు. సార్ వెళ్ళి పిలవరని, తామే బతిమాలి బంగారమ్మని తీసుకుపోదామని వచ్చినవాళ్ళు. ముందు నిలబడింది కెప్టెన్ రమణమ్మ. ఉతికి ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ జెర్సీ ఆమె చేతిలో ఉంది. వాళ్ళు ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో అడగాల్సిన పని లేదు, మొహాలే చెప్తున్నాయి.

రమణమ్మ ఎవరినీ తిట్టలేదు. జెర్సీని నెమ్మదిగా ఇంకో మడత పెట్టి చంకలో ఇరికించుకుంది.

"నా గుట్టంతా అవతలి జట్టుకి నేర్పేశారు సార్," అంది. "మంచిదే. మరి ఆదివారం మా బెంచీ మీద కూర్చుని, బంగారిని ఎలా ఆపాలో మాకు చెప్పేది ఎవలు?"